మన నగరపు చౌక్‌లు చెప్పు చరిత్ర

మా విద్యార్థులలో పెక్కురు ప్రతిదినము చార్ హుతాత్మా చౌక్ మీదుగా బడికి వచ్చుచుందురు. అచ్చటి నాలుగు విగ్రహములు ఎవరివని మొన్న తరగతిలో అడిగితిమి. ఒక బాలుడు “బస్సు దిగు చోటు” అని మాత్రము చెప్పెను. తప్పు వానిది కాదు. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని ఈ షోలాపురమునకు వచ్చిన క్రొత్తలో మాకును ఆ చోటు బస్సు దిగుటకే గుర్తుగా నుండెను.

ముందు మాటయర్థము తెలిసికొందము. ‘హుత’ మనగా హోమమునందు వ్రేల్చినది. తన్ను తానే ఆహుతిగా నిచ్చినవాడు హుతాత్ముడు. మనము అమరవీరుడందుము, మరాఠీవారు హుతాత్మా యందురు. ఆ నలువురు మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుసేన్. కుర్బాన్ హుసేన్ పత్రికా సంపాదకుడు, ఇరువది యేండ్లు దాటిన యువకుడు.

1930 మే నెల ప్రారంభమున గాంధీ మహాత్ముని నిర్బంధించిరన్న వార్త మిల్లుల నగరమును కుదిపివేసెను. మే 8వ తేదీన రూపాభవానీ గుడి ప్రాంతమున జనులు కల్లుకు వ్యతిరేకముగా ఈతచెట్లు నరకుచుండగా పోలీసులు వచ్చిరి; కాల్పులు జరిగెను. జెండా చేబూనిన శంకర శివదారే అను యువకుడు నేలకొరిగెను. ఆగ్రహించిన జనులు మంగళవార పేట పోలీసు ఠాణాకు నిప్పు పెట్టిరి, పోలీసులును మరణించిరి. ఈ సంగతిని దాచి వీరగాథ చెప్పుట మాకు సమ్మతము కాదు. ఆ పిమ్మట కొన్ని దినములు నగరమున ఆంగ్ల ప్రభుత్వ మున్నట్లే కానరాలేదు. మే 12న సైనిక శాసనము విధించిరి. అది జూన్ నెలాఖరు వరకు సాగెను. గాంధీ టోపీ ధరించుటయు ఆ దినములలో శిక్షార్హమయ్యెను. పోలీసుల హత్యానేరము ఆ నలువురిపై మోపి, 1931 జనవరి 12న ఎరవాడ చెరసాలలో ఉరితీసిరి. ఒకడు లింగాయతుడు, ఒకడు మార్వాడీ, ఒకడు మరాఠా, ఒకడు ముసల్మాను. ఉరిత్రాడు వారి కులమత మడుగలేదు.

ఇక మనవారి మాట. 1860లో రైలు వచ్చుటతోను, 1877లో ఇచ్చటి మొదటి నూలుమిల్లు వెలయుటతోను షోలాపురము కూలి దొరకు ఊరాయెను. నేడు జనులు జూనీ మిల్లు అని తలచుకొనునది అదియే. కరువునకు నిలువలేక నాటి నిజాము రాజ్యపు తెలంగాణము నుండి పద్మశాలీలు మగ్గపు పనిముట్లతో వచ్చి స్థిరపడిరి. వారి బిడ్డలు మిల్లులలో కూలికి నిలిచిరి. సాంచెలు పెట్టుకొని దుప్పట్లు నేసిరి. షోలాపురీ చాదరు ఖ్యాతిలో వారి చేయి ఎంతయో యున్నది. పెద్ద మిల్లులు మూతపడినవి. వాని చోట ఇండ్లును అంగళ్లును లేచినవి. వాని ద్వారములయొద్ద కూలికై వేచిన మన తాతలకు రాతి ఫలక మెచ్చటను మాకు కనబడలేదు. ఈ లోటు మా మనస్సున ముల్లువలె నున్నది. ఇంటింట నాయనమ్మ చెప్పు ముచ్చటలే ఇప్పటికి వారి శాసనములు. అవియు మన పిల్లలకు తెలుగు వచ్చినంత కాలమే నిలుచును.

కుంభారి వైపు నున్న బీడీ కార్మికస్త్రీల కాలనీ మాత్రము వేరు. పదివేల యిండ్ల ఆ కాలనీకి కార్మిక నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు పెట్టిరి. 2006లో దానిని ప్రారంభించిరి. మన తల్లులు ఎందరో అచ్చటనే చేట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించుచున్నారు. గోదూతాయి యనగా గోదావరి నది యని వ్రాసిన బాలికకు మేము సగము మార్కు లిచ్చితిమి, ఆమె పూర్తి పేరు గోదావరియే గనుక.

వచ్చు జనవరి 12న పై తరగతులవారిని చార్ హుతాత్మా చౌక్‌కు నడిపించుకొని పోదుము. ఫలకముపై మరాఠీలో నున్నది తెలుగులోనికి వ్రాసికొనుటకు పలకయో పుస్తకమో తెచ్చుకొనవలెను. తలిదండ్రులు తమ పెద్దలు ఏ మిల్లున, ఏ ఖాతాలో పనిచేసిరో ఒక కాగితముపై వ్రాసి పంపినచో వచ్చే సంచికలో అచ్చు వేయుదుము.