అరకు ఘాట్ ఎక్కే ముందు కారు వీల్ నట్లు ఎంత బిగించాలి? టార్క్ రెంచ్ గురించి తెలుసుకోండి

కారు కొనేటప్పుడు మైలేజీ, పవర్, టార్క్ అంటూ స్పెక్స్ అన్నీ చదువుతాం. చిన్న పెట్రోల్ కార్లలో టార్క్ ఎక్కువగా 90 నుంచి 115 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. అయితే చక్రాన్ని పట్టి ఉంచే నట్లకు కూడా ఇలాంటి నంబర్ ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. సొంత కారులో అరకు ట్రిప్ ప్లాన్ చేస్తుంటే ముందు ఈ నంబర్ చూసుకోండి.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. అక్కడ వరుస మలుపుల్లో కారు బరువు ఒకసారి కుడి చక్రాల మీద, ఇంకోసారి ఎడమ చక్రాల మీద పడుతుంది. నట్లు లూజుగా ఉంటే చక్రం హబ్ మీద కొద్దికొద్దిగా కదిలి, అవి ఇంకా లూజవుతాయి. బోల్టులు కూడా విరిగిపోవచ్చు. మరీ గట్టిగా బిగించి ఉంటే ఇంకో సమస్య. ఘాట్‌లో పంక్చర్ పడితే కారుతో వచ్చిన చిన్న పానాతో అవి ఊడవు. అక్కడ ప్రతిచోటా సిగ్నల్ అందదు, మెకానిక్ కూడా దగ్గర్లో ఉండడు.

టార్క్ లెక్క ఇదీ

గునపంతో బండరాయి కదపడం చూసే ఉంటారు. గునపం చివర పట్టుకుంటే తక్కువ బలంతో పని అవుతుంది. పానా కూడా అంతే. టార్క్ అంటే మనం పెట్టే బలాన్ని, నట్టు నుంచి చేయి ఉన్న దూరంతో గుణిస్తే వచ్చేది.

25 సెంటీమీటర్ల పానా మీద 40 కిలోల బలం పెడితే సుమారు 98 న్యూటన్ మీటర్లు వస్తాయి. అదే పానా 50 సెంటీమీటర్లు ఉంటే 20 కిలోలు చాలు. మీటరు పైపు తగిలిస్తే 10 కిలోలే సరిపోతాయి. ఇప్పుడు 65 కిలోల మనిషి ఆ పైపు చివర ఎక్కి నిలబడితే? దాదాపు 640 న్యూటన్ మీటర్లు! చాలా చిన్న కార్ల వీల్ నట్లకు కావాల్సింది 80 నుంచి 120 మాత్రమే.

బోల్టు బిగిసినప్పుడు స్ప్రింగులా కాస్త సాగుతుంది. ఆ సాగుడే చక్రాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. హద్దు దాటి సాగితే మళ్లీ వెనక్కి రాదు, పట్టు పోతుంది. అందుకే నేను పాటించే రూల్ ఒక్కటే: ఊడదీయడానికి పొడవాటి రాడ్, బిగించడానికి టార్క్ రెంచ్.

ఏ రెంచ్ తీసుకోవాలి?

బీమ్ రకంలో ముల్లు స్కేలు మీద కదులుతుంది. ఇది సింపుల్, చవక కూడా. క్లిక్ రకంలో మనం పెట్టిన నంబర్ రాగానే టక్ మని శబ్దం వస్తుంది. డిజిటల్ రకం బీప్ కొట్టి స్క్రీన్ మీద అంకె చూపిస్తుంది, కానీ బ్యాటరీ కావాలి. మామూలు వాడకానికి అరంగుళం డ్రైవ్ ఉన్న క్లిక్ రెంచ్ చాలని నా అభిప్రాయం. మంచి క్లిక్ రెంచ్‌లో తేడా 4 శాతం లోపే ఉంటుంది. మీకు కావాల్సిన నంబర్ దాని రేంజ్ మధ్యలో పడేలా చూసి కొనండి. దాంతో నట్లు ఊడదీయకండి, పిడికి పైపు తగిలించకండి. వాడాక స్కేలును కనిష్ఠ నంబర్‌కు తిప్పి పెట్టండి.

బిగించే పద్ధతి

1. చదునైన చోట కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టండి. చక్రాల కింద రాళ్లు అడ్డం పెట్టండి. వాలులో జాకీ ఎత్తకండి.
2. చక్రం నేల మీద ఉండగానే నట్లను అర చుట్టు లూజు చేయండి. ఆ తర్వాతే జాకీ ఎత్తండి.
3. స్టెప్నీ పెట్టాక నట్లను ముందు చేత్తోనే తిప్పండి. దీనివల్ల థ్రెడ్ తప్పదు.
4. థ్రెడ్‌కు ఆయిల్ రాయకండి. మనం పెట్టే టార్క్‌లో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది, బోల్టును సాగదీసేది సుమారు 10 శాతమే. ఆయిల్‌తో రాపిడి తగ్గితే అదే నంబర్ దగ్గర బోల్టు ఎక్కువ సాగిపోతుంది.
5. జాకీ దించి, ఎదురెదురు నట్లను మార్చి మార్చి బిగించండి. టక్ మనగానే ఆపేయండి. గట్టిగా ఉండాలని ఇంకోసారి లాగడం వద్దు.

రెంచ్ లేకపోతే?

లగేజీ తూచే డిజిటల్ స్కేలు ఉందా? నట్టు మధ్య నుంచి సరిగ్గా 50 సెంటీమీటర్ల దూరంలో రాడ్‌కు ఆ కొక్కెం తగిలించి, రాడ్‌కు 90 డిగ్రీల్లో లాగండి. 20 కిలోలు చూపిస్తే దాదాపు 98 న్యూటన్ మీటర్లు వచ్చినట్టే. ఇది అత్యవసరానికే, రోజూ వాడే పద్ధతి కాదు.

టైర్లు మార్పించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ చెక్ చేయాలి. విశాఖలో టైర్లు మార్పించుకుని బయల్దేరితే, సుమారు 50 కిలోమీటర్ల తర్వాత వచ్చే ఎస్.కోట దీనికి సరైన చోటు. చక్రాలు కాస్త చల్లారాక చూడండి. టైర్ షాపుల్లో ఎయిర్ గన్‌తో బిగిస్తే ఎంత టార్క్ పడిందో తెలియదు. కాబట్టి ఇంటి దగ్గరే నట్లు ఒక్కొక్కటిగా లూజు చేసి, రెంచ్‌తో బిగించి బయల్దేరడం మంచిది.

మీ కారుకు సరైన నంబర్ ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ పేజీని ఈరోజే ఫొటో తీసి ఫోన్‌లోనే సేవ్ చేసుకోండి. క్లౌడ్‌లో ఉంచితే ఘాట్‌లో నెట్ లేనప్పుడు తెరుచుకోదు.