బుర్రకథా దళం – నాజర్ ప్రస్థానం

జానపద కళలు ప్రజల జీవితంలో పుట్టి, ప్రజల నోట పెరిగాయి. అక్షరజ్ఞానం లేని వారికి సైతం చరిత్రను, నీతిని, లోకజ్ఞానాన్ని అందించిన ఘనత వాటికి దక్కుతుంది. అటువంటి కళల్లో బుర్రకథ ఒకటి. ముగ్గురు కళాకారులు, ఒక తంబురా, రెండు డక్కీలు ఉంటే చాలు. ఊరి నడుమ ఉన్న ఏ ఎత్తయిన చోటైనా రంగస్థలమవుతుంది. ఈ చిన్న బృందాన్ని 'దళం' అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో తన దళంతో ఊరూరా తిరిగి, ఈ కళకు కొత్త జీవం పోసిన మహాకళాకారుడు షేక్ నాజర్.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో ఒక నిరుపేద దూదేకుల కుటుంబంలో జన్మించారు. దూది ఏకడం ఆ కులవృత్తి. పేదరికంలో పెరిగినప్పటికీ ఆయన సంగీతంలోను, నటనలోను ప్రావీణ్యం సంపాదించారు. ఆ రెండింటికీ చోటున్న కళారూపం బుర్రకథ. అందువల్లనే అది ఆయన ప్రతిభకు తగిన వేదిక అయింది.

బుర్రకథకు పూర్వరూపాలు జంగంకథ, శారదకథ వంటివి. దళంలో నడుమ నిలిచే ప్రధాన పాత్రధారిని కథకుడు అంటారు. తలపాగా, పొడవైన అంగీ, నడికట్టు, కాళ్లకు గజ్జెలు ఆయన వేషం. భుజాన తంబురా ధరించి, బొటనవేలికి తొడిగిన అందెలను మ్రోగిస్తూ, అడుగులు వేస్తూ కథ నడుపుతాడు. ఇరువైపులా డక్కీలు వాయించే ఇద్దరు వంతలు ఉంటారు. కుడివైపు వంత లోకవ్యవహారాలను, రాజకీయాలను ప్రస్తావిస్తాడు. ఎడమవైపు వంత హాస్యం పలికిస్తాడు. పాట వీరరసంతో సాగుతుండగా ఒక వంత కథకుణ్ణి ఆపి ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్న ప్రేక్షకుని మనసులోనిదే. దానికి కథకుడు చెప్పే సమాధానంతో పాతకథకు నేటి కష్టసుఖాలతో ముడిపడుతుంది. బుర్రకథ బలమంతా ఈ అమరికలోనే ఉంది.

ఈ బలాన్ని గుర్తించిన సంస్థ ప్రజానాట్యమండలి. 1943లో బొంబాయిలో అఖిల భారత ప్రజానాట్య సంఘం ఏర్పడింది. ఆ ఉద్యమంలో భాగంగా ఆంధ్రదేశంలో ప్రజానాట్యమండలి జానపద కళారూపాలను ప్రజా చైతన్యానికి వినియోగించింది. డాక్టర్ గరికపాటి రాజారావు దాని ప్రముఖ నిర్వాహకులు. నాజర్ దళం ఆ సంస్థ నీడన ఎదిగింది. 1943 నాటి బెంగాల్ కరువు ఆయన గళంలో బుర్రకథ అయింది. సుంకర సత్యనారాయణ వంటి రచయితలు శ్రామికుల బాధలను వస్తువుగా తీసుకొని 'కష్టజీవి' వంటి కథలు రచించారు. రాజులకే పరిమితమైన వీరగాథలో కూలీకి, రైతుకు కూడా స్థానం లభించింది.

పాలకులకు ఇది రుచించలేదు. పత్రిక చదవలేని వాడు కూడా బుర్రకథ వింటాడు; విన్నదానిని ఇంటికి వెళ్లి నలుగురికీ చెబుతాడు. అందువల్ల 1940వ దశకంలో మద్రాసు రాష్ట్రంలోను, నైజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలోను బుర్రకథా ప్రదర్శనలపై నిషేధం విధించారు. ఆయుధమేదీ లేని ముగ్గురు గాయకులను చూసి ప్రభుత్వాలు జంకడమే ఆ కళాశక్తికి నిదర్శనం.

పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథ నాజర్‌కు ఎనలేని కీర్తి తెచ్చాయి. గరికపాటి రాజారావు నిర్మించిన 'పుట్టిల్లు' (1953), ఆ తరువాత వచ్చిన 'అగ్గిరాముడు' (1954) చిత్రాల ద్వారా ఆయన బుర్రకథ వెండితెరకెక్కింది. దళం అడుగుపెట్టని ఊళ్లకు కూడా ఆయన గళం చేరింది.

కాని ఏ సినిమా ఆయన కీర్తిని విస్తరింపజేసిందో, ఆ సినిమాయే క్రమంగా బుర్రకథ ప్రేక్షకులను తనవైపు లాగుకొన్నది. ఇది మన దేశానికే పరిమితమైన అనుభవం కాదు. 1950, 60 దశకాలలో ఐర్లండులో 'షోబ్యాండ్లు' అనే సంగీత బృందాలు ఊరూరా తిరిగి నృత్యశాలల్లో పాడేవి. వాటిలో ప్రఖ్యాతి పొందినది రాయల్ షోబ్యాండ్. 1970వ దశకంలో డిస్కోలు వచ్చి, అభిరుచులు మారడంతో ఆ బృందాలు చాలావరకు కనుమరుగయ్యాయి. ప్రేక్షకుల ఎదుట నిలిచి పాడే కళాకారులకు యంత్రం ఎక్కడైనా గట్టి పోటీయే.

అయినా బుర్రకథ పూర్తిగా అంతరించలేదు. అక్షరాస్యత, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటి అంశాల ప్రచారానికి ప్రభుత్వాలు దానిని ఆశ్రయించాయి. ఒకనాడు నిషేధానికి గురైన కళ ప్రభుత్వ వేదికలనెక్కడం విశేషం. ఇందువల్ల కళాకారులకు కొంత జీవనాధారం లభించింది. అయితే ఇచ్చిన సందేశాన్ని వల్లించడం మాత్రమే మిగిలితే, వంత ప్రశ్నకు పదును తగ్గిపోతుంది. వేషం, వాద్యం, నడక నిలిచినంత మాత్రాన కళ నిలిచినట్లు కాదు. తిండి పెట్టే వేదికపై నిలిచి నిజం పలకడం ఎలా అనే ప్రశ్న ప్రతి తరం కళాకారుల ఎదుట నిలుస్తూనే ఉంటుంది.

భారత ప్రభుత్వం 1986లో నాజర్‌ను పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. 1997లో ఆయన కన్నుమూశారు. ఆయన చెబుతుండగా అంగడాల వెంకటరమణమూర్తి అక్షరబద్ధం చేసిన ఆత్మకథ పేరు 'పింజారి'. దూదేకుల వృత్తివారిని సూచించే ఆ మాటను లోకం చిన్నచూపుతో పలికేది. నాజర్ దానినే తన జీవితగ్రంథానికి శీర్షికగా నిలిపి, శ్రమకు గౌరవం తెచ్చారు. పాత రూపంలో తన కాలపు బాధను పలికించినంత కాలం ఏ కళ అయినా జీవిస్తుందని నాజర్ దళం ప్రస్థానం తెలియజేస్తున్నది.