తాళం మార్చే పద్ధతి: అనుమతుల నియంత్రణలో భద్రతా సవరణలు

ప్రతి నెలా రెండవ మంగళవారం మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఆపరేటింగ్ సిస్టంకు భద్రతా సవరణలను విడుదల చేస్తుంది. అమెరికా పశ్చిమ తీరంలో అప్పుడు ఉదయం 10 గంటలు. మస్కట్‌లో వేసవిలోనైతే రాత్రి 9, శీతకాలంలో 10. 2013 మే నుండి ఒమాన్‌లో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. అంటే సవరణ అందిన తరువాత కార్యాలయాలు పనిచేసేది బుధ, గురువారాలు మాత్రమే. ఆ రెండు రోజుల్లో దేనిని మార్చాలి, దేనిని ఆదివారానికి ఆపాలి అన్నది అక్కడి సాంకేతిక సిబ్బందికి నెలనెలా ఎదురయ్యే ప్రశ్న.

సవరణలన్నీ ఒక తీరువి కావు. ఒక ప్రోగ్రాంలోని లెక్క తప్పును దిద్దితే వాడేవారికి సాధారణంగా తేడా తెలియదు. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఏ యంత్రాన్ని నమ్మాలి అని నిర్ణయించే భాగాన్ని దిద్దడం వేరు. తాళం మారిస్తే దొంగతోబాటు, పాత తాళంచెవితో వచ్చే ఇంటివారు కూడా బయటే నిలిచిపోతారు.

2020లో బయటపడిన జీరోలాగన్ లోపం ఇందుకు మంచి ఉదాహరణ. విండోస్ నెట్‌వర్కులో వాడుకరులను, యంత్రాలను గుర్తించి అనుమతించే సర్వరును డొమైన్ కంట్రోలర్ అంటారు. యంత్రాలు దానికి తమను నిరూపించుకునే నెట్‌లాగన్ విధానంలో, ఎప్పటికప్పుడు మారవలసిన ఒక ప్రారంభ విలువ ఎప్పుడూ సున్నాలుగానే ఉండేది. అందువల్ల సున్నాలనే పంపుతూ పోతే సగటున 256 ప్రయత్నాలలో ఒకటి ఫలించేది. పాస్‌వర్డ్ తెలియకుండానే సర్వరు వశమయ్యేది. తీవ్రత సూచికలో దీనికి పదికి పది వచ్చాయి.

దీనిని మైక్రోసాఫ్ట్ రెండు దశల్లో సరిదిద్దింది. 2020 ఆగస్టు 11న విండోస్ యంత్రాలకు సురక్షిత పద్ధతిని తప్పనిసరి చేసింది. ఇతర పాత పరికరాలను రానిస్తూనే, అవి వచ్చిన ప్రతిసారీ సర్వరు లాగ్‌లో 5829 అనే సంఖ్యతో నమోదయ్యే ఏర్పాటు చేసింది. 2021 ఫిబ్రవరి 9న మొదలైన రెండవ దశలో, ప్రత్యేకంగా మినహాయించినవి తప్ప అటువంటివాటన్నిటినీ తిరస్కరించింది. ఈలోగా సెప్టెంబరు 11న సెక్యురా సంస్థ లోపం వివరాలను వెల్లడించింది. వారం తరువాత, సెప్టెంబరు 18న, అమెరికా సైబర్ భద్రతా సంస్థ తమ ప్రభుత్వ శాఖలన్నీ 21వ తేదీకల్లా మొదటి సవరణను అమర్చాలని ఆదేశించింది.

జాగ్రత్త అంటే వాయిదా కాదని దీనివల్ల తెలుస్తుంది. సవరణను అమర్చడంలో తొందర అవసరం. ఒక్క డొమైన్ కంట్రోలర్ మిగిలిపోయినా దాడికి అది చాలు. నిదానం కావలసింది తిరస్కరణను అమలు చేయడంలో.

నిదానం లోపిస్తే జరిగేది 2022 మే 10న కనిపించింది. ఆనాటి సవరణలను డొమైన్ కంట్రోలర్లపై అమర్చాక, సర్టిఫికెట్ల ద్వారా లోపలికి వచ్చే కొన్ని సేవలు ఆగిపోయాయి. మే 19న అత్యవసరంగా మరో సవరణ వచ్చింది. ఆ నిబంధనను పూర్తిగా అమలు చేసే గడువు పలుమార్లు జరిగి 2025 ఫిబ్రవరికి చేరింది.

ఆలస్యం వల్ల కలిగే నష్టం ఎంత వేగంగా వస్తుందో ఒమాన్‌కు తెలుసు. 2013 ఫిబ్రవరి 19, 20 తేదీల్లో బ్యాంక్ మస్కట్ ప్రీపెయిడ్ కార్డుల ద్వారా 24 దేశాల్లో సుమారు 10 గంటలలో 4 కోట్ల డాలర్లు దోచుకున్నారని అమెరికా అభియోగపత్రం పేర్కొంది. అది ఆపరేటింగ్ సిస్టం లోపంగా నమోదైన ఘటన కాదు. కార్డుల లావాదేవీలు నడిపే సంస్థలో చొరబడి నగదు పరిమితులను తొలగించారు. అయినా పాఠం ఒకటే: మార్చే అధికారం పరుల చేతికి పోతే తేరుకునే వ్యవధి ఉండదు.

కనుక బుధవారం ప్రయోగశాలలో పరీక్షించి, గురువారం ఒక చిన్న సమూహంలో అమర్చి, వెనక్కి తీసుకునే మార్గం సిద్ధంగా ఉంచుకుని, తక్కినవాటికి విస్తరించడం వివేకం. దాడులు మొదలైన లోపమైతే ఆదివారం దాకా ఆగకూడదు. సెలవుల్లోనూ ఒకరు లాగ్‌ను చూస్తూ ఉండాలి. అందులో పాత పరికరం కనిపిస్తే దాని యజమానిని గుర్తించి, మార్చే తేదీని నిర్ణయించాలి. ఆ తేదీ రాయని మినహాయింపు, తెరిచి వదిలేసిన తలుపే.