రాళ్ళేరు పిల్లలు

"చదువు విడిచి వాగుల వెంట రాళ్ళేరుచున్నాడు" అని తలిదండ్రులు కొందరు మాతో వాపోవుదురు. రాళ్ళను పరికించుటయు ఒక విద్యయే యని మా మనవి.

మన బామ్ని సిరొంచ తాలూకాలోనిది. ఈ తాలూకాలోనే, పోచంపల్లి చెంత, 1961 ప్రాంతమున కోల్‌కతాలోని భారత గణాంక సంస్థ శాస్త్రజ్ఞులు నేలను త్రవ్వి, రాతిగా మారిన ఎముకలను రమారమి 300 వెలికితీసిరి. అవి కోట్లకొలది ఏండ్ల క్రిందటి రాక్షసిబల్లులవి. 1975లో ఆ జాతికి ‘బరాపాసారస్ టాగోరై’ అను పేరిడిరి. వంగభాషలో ‘బరా పా’ యనగా పెద్ద కాలు. ‘టాగోరై’ యనునది రవీంద్రనాథ టాగోరు పేర వచ్చినది. ఆ అస్థిపంజరము నేడు ఆ సంస్థ ప్రదర్శనశాలలో నిలిచియున్నది.

ఆ శాస్త్రజ్ఞులును మన పిల్లలవలె రాళ్ళను చూచుచు నడచినవారే. అయితే వారు చూచినదానిని కొలిచిరి, వ్రాసిరి.

పిల్లలారా! వింత రాయి కనబడినచో ఆ చోటు, తేది, మట్టి రంగు వ్రాసికొనుడు. ఎముకవలె తోచినచో పెకలింపక మాకు తెలుపుడు. పండ్రెండవ తరగతిని విజ్ఞానశాస్త్రముతో ముగించినవారు భూగర్భశాస్త్రమున బి.ఎస్సీ. చదువవచ్చును, గనులలోను, భూగర్భ సర్వేలలోను ఉద్యోగములకు అది దారి.

తలిదండ్రులారా! బిడ్డను వాగునుండి మరలింపకుడు. చేతికొక నోటుపుస్తకము, పెన్సిలు ఇచ్చి పంపుడు. మన నేలను చదువుటకు నాడు దూరపువారు వచ్చిరి. రేపు మన బిడ్డలే చదువవలెను.