‘విద్యార్థి-క్రీడాకారుడు’: ఒక మాట పుట్టుక

భాష ఎవరి పక్షమూ వహించదని నమ్మేవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు అమెరికా కాలేజి ఆటల చరిత్రలో ఒక్క మాట పుట్టుకను పరిశీలిస్తే చాలు. ఆ మాట ‘స్టూడెంట్-అథ్లెట్’. తెలుగులో విద్యార్థి-క్రీడాకారుడు అనుకోవచ్చు. వినడానికి ఎంతో మర్యాదగా ఉంది. చదువూ ఉంది, ఆటా ఉంది, రెంటినీ కలుపుతూ మధ్య ఒక చిన్న గీత ఉంది. దాన్ని తయారుచేసింది కవులూ కాదు, అధ్యాపకులూ కాదు. నష్టపరిహారపు దావాలకు భయపడిన అధికారులు.

1950లో డెన్వర్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ నెమెత్ అనే ఆటగాడు ఫుట్‌బాల్ సాధనలో వెన్ను దెబ్బతిన్నాడు. (అమెరికావారి ఫుట్‌బాల్ పేరుకే కాలిబంతి. బంతిని చేత పట్టుకుని పరిగెత్తడం, ఎదురొచ్చినవాణ్ణి ఒంటితో ఢీకొని పడగొట్టడం ఆ ఆట.) అతనికి కాలేజి ఆవరణలో ఒక చిన్న పని ఇచ్చి డబ్బిచ్చేవారు. జట్టులో ఉన్నంతకాలమే ఆ పని. ఇతను ఉద్యోగే, పనిలో గాయపడ్డ కార్మికుడికి వచ్చే పరిహారం ఇతనికీ రావలసిందేనని 1953లో కొలరాడో సుప్రీంకోర్టు తేల్చింది. రెండేళ్లకు, 1955లో, అదే రాష్ట్రంలో ఫోర్ట్ లూయిస్ కాలేజి తరఫున ఆడుతూ రే డెనిసన్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య పరిహారం కోరింది. ఈసారి, 1957లో, అదే న్యాయస్థానం ఆమెకు ఏమీ రాదంది. కారణం? కాలేజి ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదట!

సరిగ్గా ఈ రోజుల్లోనే మన మాట పుట్టింది. కాలేజి ఆటలను శాసించే సంస్థ నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్, పొడి అక్షరాల్లో ఎన్.సి.ఏ.ఏ. 1951 నుంచి 1987 దాకా దాన్ని నడిపినవాడు వాల్టర్ బైయర్స్. పదవి దిగిన తరువాత, 1995లో అచ్చయిన తన పుస్తకంలో, ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తిస్తారన్న భయం వల్లనే ఈ మాటను కల్పించామని ఆయనే ఒప్పుకున్నాడు. ‘ఆటగాడు’ అని రాయవలసిన ప్రతిచోటా దీన్నే రాయాలని నిబంధన పెట్టారు. ‘ఉద్యోగి’ అన్న మాట నోటికి రాకుండా చూడడం దాని పని. మన పల్లెల్లో పాలేరును ‘నువ్వు మా ఇంటి మనిషివిరా’ అనడం ఎరిగినవారికి ఈ మర్యాద కొత్తగా తోచదు. ఇంటి మనిషి జీతం అడగడు కదా!

మరి ఆ ఇంటి మనిషికి దక్కేదేమిటి? స్కాలర్‌షిప్పు. అంటే చదువు ఫీజు, గది, భోజనం, పుస్తకాలు. మన భాషలో చెప్పాలంటే గింజల కూలి. 1973లో నిబంధన మార్చి నాలుగేళ్ల స్కాలర్‌షిప్పును ఏడాదికోసారి పొడిగించేదిగా చేశారు. బహుళ సంవత్సరాల స్కాలర్‌షిప్పుకు మళ్లీ అనుమతి వచ్చింది 2012లోనే. ఈ నడుమ నలభై ఏళ్ళూ కోచ్‌కు నచ్చకపోతే వచ్చే ఏడు చదువే లేదు. పనిగంటల సంగతి 2014 మార్చిలో బయటపడింది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాళ్లు యూనియన్ పెట్టుకుంటామన్నారు. కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ అధికారి విచారించి, ఆటల కాలంలో వారానికి 40 నుంచి 50 గంటలు, ఆగస్టు శిక్షణ శిబిరంలో 50 నుంచి 60 గంటలు వీరు ఆటకే వెచ్చిస్తున్నారని, కనుక వీరు ఉద్యోగులేనని రాశాడు. 2015 ఆగస్టులో పై బోర్డు ఆ వివాదంలో తాను జోక్యం చేసుకోనంది. ఉద్యోగులు అవునని అనలేదు, కాదనీ అనలేదు. యూనియన్ అక్కడితో ఆగింది.

భోజనం అన్నాను. 2014లో కనెటికట్ జట్టును విజేతగా నిలిపిన షబాజ్ నేపియర్, తిండికి డబ్బు లేక ఆకలితో పడుకున్న రాత్రులున్నాయని పత్రికలవారికి చెప్పాడు. కొద్ది రోజులకే ఎన్.సి.ఏ.ఏ. భోజన పరిమితిని ఎత్తివేసింది. అంతకుముందు కాలేజి ఆటగాడికి చిరుతిండిగా బేగెల్ అనే రొట్టె ఇవ్వవచ్చుగాని, దానిమీద వెన్న వంటిదేదీ రాయకూడదన్న నియమం కూడా ఉండేది. హాస్య కథకుడు కల్పించినా సంపాదకుడు నమ్మని సంగతి ఇది. 2010లో జార్జియా ఆటగాడు ఎ.జె. గ్రీన్ తాను తొడుక్కున్న చొక్కాను 1,000 డాలర్లకు అమ్ముకున్నందుకు నాలుగు ఆటలకు దూరమయ్యాడు. ఆ పోటీల టెలివిజన్ హక్కుల లెక్క వేరే ఉంది. ఒక్క పురుషుల బాస్కెట్‌బాల్ పోటీకే 2016లో కుదిరిన ఎనిమిదేళ్ల పొడిగింపు విలువ 880 కోట్ల డాలర్లు.

చదువే జీతం కదా అనేవారున్నారు. సరే, ఆ చదువును చూద్దాం. సాహిత్య విద్యార్థులు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో పద్ధెనిమిదేళ్లపాటు తరగతే జరగని కోర్సులు నడిచాయి. అధ్యాపకుడు లేడు, పాఠం లేదు. చివర ఒక వ్యాసం ఇస్తే చాలు, దానికి శాఖ కార్యాలయపు ఉద్యోగిని మంచి మార్కులు వేసేది. 3,100 మందికి పైగా విద్యార్థులు ఆ కోర్సుల్లో చేరారని, వారిలో దాదాపు సగం ఆటగాళ్లని 2014 నివేదిక బయటపెట్టింది. ఆ కోర్సులు నడిచిన శాఖ ఏది? ఆఫ్రికా, ఆఫ్రో-అమెరికన్ అధ్యయనాల శాఖ! పెద్ద కాలేజీల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లలో నల్లజాతి యువకులే ఎక్కువ. వాళ్ల పూర్వీకుల చరిత్ర చెప్పవలసిన శాఖలోనే వాళ్లకు చదువు లేకుండా మార్కులిచ్చారు. మామూలు విద్యార్థులకూ ఆ కోర్సులు అందుబాటులోనే ఉన్నాయి కనుక తమ నియమం తప్పలేదని 2017లో ఎన్.సి.ఏ.ఏ. వదిలేసింది. గింజల కూలిలో తాలు కలపడమంటే ఇదే.

శరీరం మాటకొస్తే, టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయపు కెంట్ వాల్డ్రెప్ 1974 అక్టోబరులో ఆటలో మెడ విరిగి చచ్చుబడిపోయాడు. తొమ్మిది నెలల తరువాత విశ్వవిద్యాలయం వైద్యఖర్చు ఆపేసింది. 1993లో అతనికి కార్మిక పరిహారం మంజూరయింది. బీమా సంస్థ కోర్టుకెక్కింది. 2000లో టెక్సస్ అప్పీలు కోర్టు అతను ఉద్యోగి కాదంది. స్కాలర్‌షిప్పు మీద ఆదాయపు పన్ను కట్టలేదు కదా అన్నది ఒక తర్కం. 2018 మే నెలాఖరులో మేరీలాండ్ విశ్వవిద్యాలయ మైదానంలో 19 ఏళ్ల జోర్డన్ మక్‌నేర్ సాధన చేస్తూ వడదెబ్బకు కూలిపోయాడు. వెంటనే చల్లటి నీటిలో ఉంచవలసినవాణ్ణి ఉంచలేదు. ఆంబులెన్సుకు కబురు చేయడానికి గంటకు పైగా పట్టింది. అతను జూన్ 13న చనిపోయాడు. తప్పు తమదేనని విశ్వవిద్యాలయం ఒప్పుకుంది.

జీతాలిస్తే ఈతకూ, పరుగు పందేలకూ, మహిళల జట్లకూ డబ్బు మిగలదన్నది ఎదుటివారి బలమైన వాదం. దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. చాలా కాలేజీల్లో ఆటల శాఖలు తమ ఖర్చును తాము సంపాదించుకోలేవన్నది నిజం. అయితే 2023 నవంబరులో టెక్సస్ ఎ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ కోచ్‌ను తొలగించినప్పుడు, ఇంటికి పంపినందుకే 7.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసిన ఒప్పందం బయటపడింది. అప్పుడు ఈత జట్టు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇటీవల పరిస్థితి కదిలింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒక్కమాటగా, చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై ఎన్.సి.ఏ.ఏ. పెట్టిన హద్దులు చెల్లవన్నారు. మరుసటి నెల నుంచి ఆటగాడు తన పేరునూ, బొమ్మనూ ప్రకటనలకు అమ్ముకునే వీలు కలిగింది. పేరున్న కొద్దిమందికి అది లక్షలు తెచ్చింది. 2024 జూలైలో ఫిలడెల్ఫియాలోని అప్పీలు కోర్టు, ‘అమెచ్యూర్’ అన్న పేరు తగిలించినంత మాత్రాన మనిషి ఉద్యోగి కాకుండా పోడనీ, చేసే పనిని చూడాలనీ అంది. ఆట జరిగే చోట మరమరాల్లాంటి పాప్‌కార్న్ అమ్మే విద్యార్థికి గంట జీతం ఉంది, ఆడేవాడికి లేదు అన్న పోలిక ఆ వ్యాజ్యంలో వచ్చింది. మన గుంటూరు నుంచో వరంగల్లు నుంచో వెళ్లిన పిల్లలు అక్కడి లైబ్రరీల్లో, భోజనశాలల్లో పనిచేసి గంటల లెక్కన తీసుకునేది కూడా జీతమే. దానికి ఎవరూ కొత్త పేరు వెతకలేదు.

2025 జూన్ 6న హౌస్ కేసులో రాజీ ఒప్పందాన్ని న్యాయస్థానం ఆమోదించింది. పాత బకాయిల కింద పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లిస్తారు. 2025 జూలై నుంచి ఒక్కో కాలేజి, మొదటి ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకూ ఆటగాళ్లకు నేరుగా ఇవ్వవచ్చు. దీన్ని జీతం అనలేదు, ‘ఆదాయం పంపకం’ అన్నారు. ఉద్యోగులా కాదా అన్న ప్రశ్న జోలికి పోలేదు. బకాయి డబ్బులో అధిక భాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే వెళుతుంది. 2016కు ముందు ఆడినవారికి అందులో వాటా లేదు.