మాస్టోడాన్‌లో మీ ఫీడ్ ఎందుకు ఖాళీగా ఉంటుందో తెలుసా?

2022 అక్టోబర్‌లో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక చాలామంది మాస్టోడాన్‌లో అకౌంట్ తెరిచారు. తెరవగానే వచ్చే డౌట్, "ఇక్కడ ఎవరూ లేరా?" అని. ఉన్నారు, కానీ వాళ్ల పోస్టులు మీ సర్వర్ దాకా రాలేదు.

మాస్టోడాన్ ఒక కంపెనీ చేతిలో ఉండదు. ఎవరికి వారు నడుపుకునే వేల సర్వర్లు యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్‌తో మాట్లాడుకుంటాయి. బయటి సర్వర్‌లోని వ్యక్తిని మీ సర్వర్‌లో ఒక్కరైనా ఫాలో అయితేనే, లేదా ఆ పోస్టును మీవాళ్లు ఫాలో అయ్యేవారు బూస్ట్ చేస్తేనే, అది సాధారణంగా మీ దగ్గరికి వస్తుంది. హ్యాష్‌ట్యాగ్ వెతికినా అలా చేరిన పోస్టులే కనిపిస్తాయి. అందుకే చిన్న సర్వర్లలో ఫీడ్ బోసిగా ఉంటుంది.

దీనికి రిలే అనే ఉపాయం ఉంది. అందులో చేరిన సర్వర్ల పబ్లిక్ పోస్టులన్నీ మీ సర్వర్‌కీ వచ్చేస్తాయి. కానీ ఎవరూ చదవని పోస్టులను కూడా ప్రాసెస్ చేయాలి, డేటాబేస్‌లో పెట్టాలి, ఫొటోల కాపీలు దాచాలి. సర్వర్ స్లో అవుతుంది, స్టోరేజ్ బిల్లు పెరుగుతుంది. ఆ బిల్లు కట్టేది చాలాచోట్ల విరాళాలతో నెట్టుకొచ్చే అడ్మినే.

మరి మీరేం చేయాలి? మీ ఇంట్రెస్ట్‌కి దగ్గరగా ఉండే సర్వర్ ఎంచుకోండి. నచ్చిన హ్యాష్‌ట్యాగ్‌లను, మనుషులను ఫాలో అవ్వండి. బయటి సర్వర్‌లో కొత్తగా ఒకరిని మీరు ఫాలో అయితే, వాళ్ల పబ్లిక్ పోస్టులు మీ సర్వర్‌లోని మిగతావాళ్లకీ దొరుకుతాయి. రిలేతో పోలిస్తే సర్వర్‌కి ఈ భారం చాలా తక్కువ.