తెలియని మాట

పట్టణమున పుట్టి పెరిగిన బాలుడొకడు తరగతిలో పాఠము చదువుచుండెను. అందులో 'తొలకరి వాన కురియగానే రైతు మేడి పట్టెను' అను వాక్యము వచ్చెను. మేడి యనగా ఒక చెట్టని ఆ బాలుడెఱుగును. మేడిపండును గూర్చిన వేమన పద్యమును చిన్ననాడే వల్లించియుండెను. వాన కురియగానే రైతు పోయి చెట్టును పట్టుకొననేల? ఆ సంగతి అతనికి బోధపడలేదు. అయినను నిలువక తరువాతి వాక్యమునకు సాగిపోయెను. ప్రక్కన కూర్చున్న పల్లెటూరి బాలునకు ఆ వాక్యమున చిక్కేమియు కనబడలేదు. నాగలి దున్నువాడు వెనుకనుండి చేత పట్టుకొను పిడిని మేడి యందురు. ఆ మాటను అతడు పుస్తకమున నేర్చినవాడు కాడు. పొలమున తండ్రి చేతిలో చూచినవాడు.

మాట తెలియకపోవుట తప్పు కాదు. ప్రతి పుటలోను నాలుగైదు మాటలను అట్లు దాటిపోవుచుండినచో కొంతసేపటికి కథ యేమగుచున్నదో తెలియదు. పిమ్మట విద్యార్థి తెలుగు కఠినమని పుస్తకమును మూసివేయును. కఠినమైనది భాష కాదు. దాటి వచ్చిన మాటలన్నియు ఒక్కటై అడ్డు నిలిచినవి.

పూర్తిగా తెలియని మాట కంటె సగము తెలిసిన మాటయే యెక్కువ మోసము చేయును. 'కరము' అను మాటనే తీసికొనవచ్చును. విద్యార్థి దానికి 'చేయి' అని అర్థము వ్రాసికొని యుండును. ఒక పాఠమున 'రాజు కరము తగ్గించెను' అని యుండును. వేఱొక చోట 'సూర్యుని కరములు సోకి తామరలు విచ్చెను' అని యుండును. మఱియొక చోట 'తల్లి కరము సంతసించెను' అని యుండును. రాజు తగ్గించినది పన్ను. తామరలకు సోకినవి కిరణములు. మూడవ చోట కరమనగా మిక్కిలి యని అర్థము. అది సంస్కృతమునుండి వచ్చినది కాదు, తెలుగు మాట. చేయి యను నొక్క అర్థముతో ఈ మూడు వాక్యములను చదువువాడు నవ్వులపాలగును. కనుక నిఘంటువును తెఱచునప్పుడు వాక్యమును కూడ వెంట తీసికొని పోవలెను. అచ్చట కనబడు అర్థములను ఒక్కొక్కటిగా ఆ వాక్యమున నిలిపి చూచి, పొసగినదానిని గ్రహింపవలెను. మొదటనున్న అర్థమును వ్రాసికొని లేచిపోవుట చాలమందికి గల అలవాటు.

నిఘంటువులో మాట దొరకుటయే ఒక విద్య. తెలుగున మాటలు విడివిడిగా నిలువవు. ఒకదానితో నొకటి కలిసిపోవును. 'రాముడు వనమున కేగెను' అని అచ్చులో చూచి, 'కేగెను' అను మాటకై క-గుణింతమున వెదకు విద్యార్థులు కలరు. అది యెంత వెదకినను దొరకదు. 'వనమునకు' అను మాటలోని చివరి ఉకారము పోయి, కకారము తరువాతి మాటతో చేరినది. అచ్చటనున్న మాట 'ఏగెను'. నిఘంటువులో అదియు ఉండదు; 'ఏగు' అను క్రియయే యుండును. క్రియ వాక్యమున ఎన్ని రూపములు ధరించినను, నిఘంటువులో దాని అసలు రూపముననే కనబడును. 'చనిరి' యన్నచో 'చను' అను చోటను, 'రాక' యన్నచో 'వచ్చు' అను చోటను చూడవలెను. 'పూదోట'లోని దోట యేమో తెలియనివాడు పూవును తోటను విడదీసి చూచినచో నిఘంటువు అక్కఱయే యుండదు. సంధిని విడదీయుట వ్యాకరణ పరీక్ష కొఱకు మాత్రమే యని తలచువారు ఇచ్చట దాని ప్రయోజనమును చూడవచ్చును. నేడు పెక్కు నిఘంటువులు అంతర్జాలమున కూడ లభించుచున్నవి. అయినను 'కేగెను' అని వ్రాసి వెదకువానికి అచ్చటను నిరాశయే మిగులవచ్చును.

పూర్వము తెలుగువారికి అకారాది క్రమమున అమర్చిన నిఘంటువులు లేవు. పైడిపాటి లక్ష్మణకవి రచించిన ఆంధ్రనామ సంగ్రహము వంటి పద్య నిఘంటువులను కంఠస్థము చేయుచుండిరి. వానిలో మాటలు దేవతలకు, మనుష్యులకు, చెట్లు కొండలకు సంబంధించిన వర్గములుగా నుండును. ఇంగ్లండు నుండి వచ్చి తెలుగు నేర్చిన బ్రౌను దొర కడపలో పండితులను చేరదీసి ఎన్నో గ్రంథములను పరిశీలింపజేసెను. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయ్యెను. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లో వెలువడెను. పిఠాపురము మహారాజు పేర వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటము 1936లో వచ్చెను. ఆ గ్రంథము మొత్తము ఎనిమిది సంపుటములు. ఇట్టి నిఘంటువులలో మాట ప్రక్కన 'సం.', 'దే.', 'వి.' వంటి పొట్టి గుర్తులుండును. అది సంస్కృతమో దేశ్యమో, విశేష్యమో కాదో అవి తెలుపును. వాని వివరణ గ్రంథము మొదట నుండును. దానిని ఒక్కసారి చదివిన విద్యార్థి పిమ్మట తడబడడు.

వెదకునప్పుడు కొన్ని మాటల వెనుకటి కథయు తెలియును. నేడు కంపనగా ముక్కు మూసికొనవలసినదే. పూర్వకవులు పూల పరిమళమునకు కూడ ఆ మాటనే వాడిరి. నూనె యనగా మొదట నువ్వుల నెయ్యి. రెండు మాటలు కలిసి ఒక్కటైన పిమ్మట దాని పుట్టుక మఱపునకు వచ్చెను; కనుకనే 'కొబ్బరినూనె' యని వాడుచున్నను ఎవరికిని వింతగా తోచదు. ఇట్టి మాట ఒకసారి తెలిసినచో మరల మఱచుట కష్టము.

పాఠము చదువునప్పుడు ప్రతి మాటకును ఆగిపోయినచో చదువునందలి రుచి చెడును. మొదటి పర్యాయము తెలియని మాట క్రింద పెన్సిలుతో సన్నని గీత గీచి ముందునకు సాగుట మేలు. ఇంటికి వచ్చి అర్థమును ఊహించి, పిమ్మట నిఘంటువు చూడవలెను. ఊహించినది తప్పైనచో మాట మఱింత గట్టిగా మనసున నిలుచును. నోటుపుస్తకమున అర్థముతోపాటు పాఠములోని వాక్యమును, సొంత వాక్యము నొకదానిని వ్రాసికొనవలెను. దినమునకు నాలుగు మాటలు చాలును.

పెద్ద నిఘంటువులలోను దొరకని మాటలు ఎన్నియో కలవు. అవి పనివారి నోట నుండును. వానిని సేకరించుటకై భద్రిరాజు కృష్ణమూర్తి ప్రభృతులు పూనుకొనిరి. జిల్లాలలోని రైతులనే అడిగి కూర్చిన మాండలిక వృత్తిపదకోశము, వ్యవసాయ పదములతో, 1962లో వెలువడెను. చేనేత పదములకు వేఱొక సంపుటము తరువాత వచ్చెను. పడుగు, పేక యను మాటలకై నేతగాని బిడ్డ ఏ గ్రంథమును తెఱవనక్కఱలేదు. మేడి యననేమో తెలియని పట్టణపు బాలుడు నిఘంటువు చూచి రెండవ అర్థమును కనుగొనెను. దాని ప్రక్కన కాడి, కర్రు అను మాటలను కూడ వ్రాసికొనెను. ఏది నాగలిలో ఎచ్చట నుండునో మాత్రము పల్లెటూరి మిత్రుడు పలకపై గీచి చూపినప్పుడే అతనికి తెలిసెను.